గుంత మగ్గంలో గిటారు

మా మరిది పోయాడన్న కబురు నాకు ఆదోనిలో అందింది. కోట దిగువన ఒక వీధిలో, ఎప్పుడో ఒకటి రెండుసార్లు చూసిన మనిషి ఇంటి అరుగు మీద కూర్చుని, ఆ ఇంటావిడ ఇచ్చిన టీ గ్లాసు పట్టుకుని ఉన్నాను. ఫోను మోగింది. మా చిన్న కూతురు. "అమ్మా, చిన్నాయన పోయినాడే. నీళ్ళు అడిగినాడు, తెచ్చేలోపలే పోయినాడు. నువ్వు యాడుండావు?" అని ఏడ్చింది. ముప్పై ఏడేళ్ళు ఒకే కప్పు కింద బతికిన మనిషి నీళ్ళడిగిన వేళకు నేను బస్సుకు గంట దూరంలో ఉన్నాను. టీ తాగలేదు. గ్లాసు అక్కడే పెట్టి బస్టాండుకు నడిచాను. ఆ ఇంటికి ఎందుకు పోయానో చెప్పాలి. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మరిది గురించి వదిన రాయడమేమిటని మా ఎమ్మిగనూరులో, మా వీధిలోనే, కొందరు మూతి తిప్పుకుంటారు. తిప్పుకోనీ. అతను పెళ్ళి చేసుకోలేదు కాబట్టి రాయడానికి భార్యాబిడ్డలు లేరు. అన్న, అంటే మా ఆయన, పోయి తొమ్మిదేళ్ళయింది. ఇక మిగిలింది నేను. పది పాసయినదాన్ని, గ్రంథాలయంలో సగం బీరువాలు చదివేసినదాన్ని, నోరు కాస్త ఎక్కువే. అతనికి నోరు బొత్తిగా లేదు. అందుకని ఇద్దరి మాటలూ నేనే మాట్లాడేదాన్ని.

మాది గుంత మగ్గం. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: వెనక గదిలో నేల తవ్వి, మోకాళ్ళు మునిగేంత గుంత చేస్తారు. నేసేవాడు దాని గట్టున కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడేసి, కింద చెక్కలు తొక్కుతూ పైన దారం మోసే నాడెను అటూ ఇటూ ఆడిస్తాడు. పొద్దున ఏడుకు దిగితే టీకి ఒకసారి, అన్నానికి ఒకసారి లేవడం. మా మరిదిని పద్నాలుగో ఏట అందులోకి దింపారంట. నేను కోడలిగా వచ్చేసరికి అతనికి ఇరవై నిండాయి. ఎదురుగా గోడవారన నేను రాట్నం మీద నాడెలోకి దారం కండెలు చుట్టేదాన్ని. కాబట్టి ఆ ముఖాన్ని నేను చూసినంతగా ఇంకెవరూ చూసి ఉండరు. అది ఎప్పుడూ కిటికీ వైపే తిరిగి ఉండేది. కిటికీలోంచి ఏముందయ్యా చూడటానికి అంటే పక్కింటి గోడ.

గిటారు కూడా మా ఇంటికి ఆదోని నుంచే వచ్చింది. చీరలు అప్పగించడానికి పోయి, పాత సామాన్ల అంగడిలో మంచం కోళ్ళ మధ్య వేలాడుతుంటే చూశాడంట. అంగడి సాయిబు, "ఇది గుంతకల్లు రైలు డ్రైవరు దొరది భాయ్. ఆయన పోయె, పిల్లలు ఊరిడిసి పోయిరి, ఇది నా నెత్తిన పడె. తీస్కో" అన్నాడంట. దానికి బదులు మావాడు ఏమిచ్చాడో తెలుసా? తన పెళ్ళికని మా అత్త దాచిన జరీ పంచె. "సాయిబుకు పంచ ఎందుకురా!" అని మా అత్త నెత్తి బాదుకుంది. "కొడుకు పెండ్లికి పాగా సుట్టుకుంటాడంట లేమ్మా" అన్నాడు ఇతను, అదేదో మామూలు సంగతి అయినట్టు. పంచెతోపాటే పెళ్ళి కూడా పోయిందని మా అత్త బతికినన్నాళ్ళూ అంటూనే ఉంది.

గిటారు అంత పెద్దదేమీ కాదు. మెడ నల్లటి కట్టె, ముఖం తేనెరంగు, నడుము దగ్గర సన్నం. గుండ్రటి రంధ్రంలోంచి చూస్తే లోపల అడుగున ఒక కాగితం చీటీ అతికించి ఉంటుంది. అక్షరాలు వెలిసిపోయి, ఏ దేశంలో చేశారో కూడా తెలియదు. రంధ్రం పక్కన గోళ్ళ రాపిడికి కట్టె అరిగి పల్లం పడింది. ఆ పల్లాన్ని బొటనవేలితో తడిమి, "వదినా, ఇది మనకంటే ముందు ఎవురితోనో బాగా బతికింది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. బతికిందంట! ఇంట్లో వాన కురుస్తోంది, ముందు పైకప్పు సంగతి చూడు మహానుభావా అన్నాను.

ఆదోనిలో ఒక బడి పంతులు ఆదివారాలు నేర్పాడు, ఆరు నెలలు. ఆయనకు బదిలీ అయ్యాక రేడియోనే గురువు. పంతులు చెప్పిన కథలన్నీ తెచ్చి నా రాట్నం దగ్గర పోసేవాడు. స్పెయిను దేశంలో ఒకప్పుడు దీన్ని పెద్దమనుషులు ముట్టేవాళ్ళు కాదంట, క్షౌరశాలల్లో, సారాయి కొట్లలో వాయించుకునే వస్తువని. తీగలు గొర్రె పేగుతో పేనేవాళ్ళంట, నైలాను చాలా తర్వాత వచ్చింది. ఇప్పుడున్న ఈ కొలత, ఈ పొట్ట, పొట్ట లోపల విసనకర్ర పుల్లల్లా పరిచిన సన్నటి బద్దలు, ఇవన్నీ అక్కడి వడ్రంగి ఒకాయన కుదిర్చాడంట, వందేళ్ళ పైమాట. లోకమంతా ఇప్పటికీ ఆయన కొలతనే పట్టుకుని చేస్తోందంట. "సూడు వదినా, పండితుడు కాదు, వడ్రంగి! మనట్లా సేతిపనోడు!" అని ఆ మాట నాకు కనీసం పదిసార్లు చెప్పాడు.

"దీనికి కరెంటు అక్కర్లే. ఆరు తీగలు, ఒక ఖాళీ డబ్బా. ఆ ఖాళీ లేకుంటే శబ్దమే లే" అనేవాడు. నాకు అర్థమయ్యేది కాదు గానీ వినడానికి బాగుండేది. దానిది పెద్ద గొంతు కాదు. పక్క గదిలో ఎవరో తమలో తాము మాట్లాడుకుంటున్నట్టు ఉండేది. మా అమ్మాయిలు చదువుకునేటప్పుడు, మా ఆయన కునుకు తీసేటప్పుడు వాయించినా ఎవరికీ అడ్డం వచ్చేది కాదు. వాన పడే మధ్యాహ్నాలు మాత్రం నేను రాట్నం ఆపి వినేదాన్ని. వింటున్నానని అతనికి తెలియకుండా దారం చిక్కు తీస్తున్నట్టు నటించేదాన్ని.

కుడిచేతి గోళ్ళు మూడు మాత్రం పెంచేవాడు, తీగ మీటడానికి. నేతగాడికి గోళ్ళు ఉండకూడదు. పోగులు తగులుకుని తెగుతాయి. తెగిన ప్రతిసారీ నేను విసుక్కునేదాన్ని. "మూడే గదా వదినా, మిగతా ఏడూ మగ్గానివే" అనేవాడు.

తెచ్చిన మొదటి ఎండాకాలమే గిటారు ముఖం పగిలింది. ఉగాది వెళ్ళి కైరుప్పల జాతరలో జనం ఒకరి మీద ఒకరు పిడకలు విసురుకునే రోజుల్లో మా దిక్కు గాలి పొయ్యి నోట్లోంచి వచ్చినట్టుంటుంది. టప్పుమని చప్పుడైతే పోయి చూశాం, కట్టె మీద జానెడు చీలిక. రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. తర్వాత నేతగాడి బుర్ర పనిచేసింది. ఎండలకు దారం తెగకుండా మేం గుంతలో నీళ్ళు చల్లి చెమ్మగా ఉంచుతాం. దారానికి మంచిదయినప్పుడు కట్టెకు మంచిది కాదా అని, గుంత గోడలో గూడు తవ్వి గిటారును అందులో నిలబెట్టాడు. ఎండాకాలం భేషుగ్గా గడిచింది. నేను కూడా మెచ్చుకున్నాను, అబద్ధమెందుకు. వానలు పడ్డాయి, గుంత గోడలు చెమర్చాయి. ఒక పొద్దున తీసి చూస్తే బూజు పట్టి, పొట్ట ఉబ్బి, తీగలు కట్టే అడ్డచెక్క ఊడి చేతికొచ్చింది.

హార్మోనియాలు బాగుచేసే ముసలాయన దగ్గరికి తీసుకుపోతే ఆయన తిట్టని తిట్టు లేదంట. "గుంతలో ఎవురన్నా పెడ్తారా దీన్ని? గాలి ఆడకుంటే ఎట్ల బతుకుతాది?"

"ఎండకు పగిలె సామీ."

"పగిలితే అతికిస్తా. కుళ్ళితే ఏం సేసేది?"

అతికించి ఇచ్చాడు గానీ మునుపటి గొంతు మళ్ళీ రాలేదు. అప్పటినుంచి ఒక పద్ధతి కుదిరింది. ఎండాకాలం గుంతలో, వానలు మొదలవగానే పైన గోడకు. దానికైనా ఏడాదిలో కొన్ని నెలలు పైకి వచ్చే యోగముంది, మా మరిదికి అదీ లేదు.

మొదట్లో మా ఇంట్లో నేసే చేతులు రెండు జతలు. మా ఆయనకు ఊపిరితిత్తులు చెడ్డాయి. నాలుగడుగులు వేస్తే రొప్పు. డాక్టరు దూది దుమ్ము దగ్గరికే పోవద్దన్నాడు. ఒక మగ్గం, ఒక మనిషి మిగిలారు. అమ్మాయిలిద్దరూ చదువుతున్నారు. ఎవరూ అతన్ని ఉండమని అడగలేదు, పొమ్మని కూడా అనలేదు. మా పనిలో ఒక పడుగు, అంటే మగ్గానికి ఎక్కించిన నిలువు పోగులు, అయిపోయే ముందే దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతాం. వేల పోగులు. కాబట్టి మగ్గం ఎప్పుడూ ఖాళీ కాదు. ఇక అయిపోయింది, లేచి పోదాం అనే రోజంటూ రాదు. ఇరవై ఏళ్ళు పక్కనే కూర్చుని కూడా ఈ సంగతి నాకు తట్టలేదు.

ఒక శ్రావణమాసంలో చీరలు చూడటానికి ఆదోని నుంచి ఒకాయన కుటుంబంతో వచ్చాడు. ఆయనకు పెళ్ళిళ్ళలో, జాతర్లలో పాడే ఆర్కెస్ట్రా ఉంది. అన్నాల వేళ కావడంతో మరిది గుంత గట్టున కూర్చుని వాయించుకుంటున్నాడు. ఆయన చీరలు వదిలేసి వెనక గది గుమ్మంలో నిలబడిపోయాడు. "నా దగ్గర కరెంటు గిటారోళ్ళు ఇద్దరుండారప్పా. ఇట్లా వాయించేటోడు లేడు. దసరాకు ముందు వస్తా, నాతో బళ్ళారి కచేరీకి రా. నచ్చితే మాతోనే ఉండిపో" అన్నాడు. మరిది సరేనని తల ఊపాడు. ఆ మనిషి పోయాక కూడా కాసేపు ఊపుతూనే ఉన్నాడు.

మర్నాడే పక్కింటి నుంచి కుర్చీ తెచ్చాడు. ఎందుకో చెబితే నవ్వుతారు. అతను గిటారు సాధన చేసిందంతా గుంత గట్టునే, కాళ్ళు కిందికి వేలాడేసి. కుర్చీ మీద కూర్చుంటే ఒళ్ళో అది నిలిచేది కాదు, వేళ్ళు దారి తప్పేవి. స్టేజీ మీద ఎవరైనా గుంత తవ్వుతారా! అందుకని రోజూ పని మధ్యలో అరగంట ఆపి, నలభై దగ్గరపడ్డ మనిషి, మొదటినుంచీ మళ్ళీ నేర్చుకున్నాడు. ఎడమ కాలి కింద ఒక ఇటుక పెట్టుకుని చూశాడు. కుదరక రెండు పెట్టాడు. "ఏమప్పా, సింహాసనం ఎక్కినావే" అన్నాను. "కింద పడకుంటే సాలు వదినా" అని నవ్వాడు. అంత నవ్వు ఆ ముఖంలో నేను ముందెప్పుడూ చూడలేదు.

నెల తిరిగేసరికి కుదిరింది. కుర్చీలో కూర్చుని ఒక పాట మొత్తం, ఎక్కడా తడబడకుండా వాయించాడు. నేను వంటింట్లో నిలబడి విన్నాను. సంతోషం కలగలేదు, భయమేసింది. ఇతను నిజంగానే పోతాడు. పోతే మా గతి ఏమిటి?

దసరాకు ముందు, ఒక పదకొండు గంటలప్పుడు ఆ ఆర్కెస్ట్రా ఆయన వచ్చాడు. నేనే తలుపు తీశాను. "గిటారాయప్ప ఉండాడామ్మా?" అన్నాడు. నా వెనక మంచం మీద మా ఆయన దగ్గుతున్నాడు. పెద్దమ్మాయి నర్సు చదువులో చేరి మూడు నెలలయింది. నేను రెండో రెక్క తీయలేదు. తెరిచిన రెక్కకు అడ్డంగా నిలబడి, "లేడన్నా. కోడుమూరు పోయినాడు, సుట్టాలింటికి" అన్నాను.

"నాతో వస్తానన్యాడే."

"ఏమోన్నా. ఆ పాటలూ గీటలూ ఇంక వద్దన్యాడు."

మొదటి అబద్ధం భయంతో వచ్చింది. రెండోది ఎవరూ అడక్కుండానే చెప్పాను. ఆయన కాసేపు అక్కడే నిలబడ్డాడు. వెనక గదిలోంచి మగ్గం చప్పుడు వస్తుందేమో, నా బండారం బయటపడుతుందేమో అని చెవులు అటే పెట్టాను. రాలేదు. దారం తెగి అతుక్కుంటున్నట్టున్నాడు, దేవుడే కాపాడాడు అనుకున్నాను. ఆయన వెళ్ళిపోయాడు. తలుపు వేసి గడియ పెట్టాను. కాసేపటికి మగ్గం మళ్ళీ మొదలయింది.

ఆ సాయంత్రం కుర్చీ పక్కింటికి పోయింది. మర్నాడు చూస్తే కుడిచేతి గోళ్ళు మూడూ కత్తిరించి ఉన్నాయి. ఎదురుచూసి విసిగిపోయాడు కాబోలు అనుకున్నాను. అనుకోవడానికి ఏం పోయింది! "ఆయప్ప రాలేదే" అని అతను అడగలేదు, నేను చెప్పలేదు. అలా పద్దెనిమిదేళ్ళు వెళ్ళాయి. పెద్దమ్మాయి కర్నూలులో నర్సయింది. చిన్నదానికి పెళ్ళయింది. అన్న పోతే తమ్ముడే కొరివి పెట్టాడు. అన్నీ ఆ గుంతలో కూర్చునే చేశాడు. గిటారు మానలేదు, కానీ ఇక గట్టు మీదే, గోళ్ళు లేని వేళ్ళతో, మెత్తగా. ఎదురుగా కూర్చుని ఆ ముఖం చూడలేక నేను రాట్నాన్ని కాస్త పక్కకు జరుపుకున్నాను. పక్కకు జరిపినా అదే గది.

ఈ ఏడాది ఫాల్గుణంలో అతనికీ అన్న జబ్బే పట్టింది. డాక్టరు గుంతలోంచి లేపేశాడు. ముందుగదిలో అన్న పడుకున్న మంచం మీదే పడుకోబెట్టాం. ఒక మధ్యాహ్నం గంజి తాగిస్తూ, ఇక నావల్ల కాక చెప్పేశాను. "అప్పా, ఆ ఆదోని ఆయప్ప ఆ యేడు వచ్చినాడు. నువ్వు లేవని నేనే సెప్పినా."

అతను గంజి మింగి మూతి తుడుచుకున్నాడు. "ఇన్నాళ్ళకు సెప్తివా" అన్నాడు.

"నీకు తెలుసా?"

"మగ్గం ఎవురు నిలిపినారనుకుంటివి? నువ్వు లేడంటివి. సప్పుడైతే పట్టుబడతావు గదా. సేతులు ముడుసుకోని కూకుంటి."

తప్పు నాదయి ఉండి కూడా నేనే అరిచాను. నా నోరు అట్లాంటిది. "లేసి రావచ్చు గదప్పా! ఎంత దూరం? నేనేమన్నా కట్టేసినానా నిన్ను?"

"లేసినా. ఎనక గది గుమ్మం కాడికి వచ్చినా. నువ్వు తలుపు పట్టుకోని నిలబడిండావు. కాళ్ళు వణుకుతాండె నీవి. మళ్ళా పోయి దిగినా."

"నా మీద కోపం రాలేదా?"

"రాకుండా ఉంటాదా? వచ్చె. రెండేండ్లుండె. పొద్దస్తమానం ఎదురుగా కూకోని కండెలు సుట్టే మనిసి మీద కోపం యాడ పెట్టుకునేది వదినా?"

నేను ఏడుస్తుంటే గంజి చల్లారిపోతుందన్నాడు.

ఆ వారంలోనే గిటారు దింపమన్నాడు. వాయించడానికి కాదు. "తీగలు వదులు సెయ్యి. వాయించకుండా బిగించి పెడితే కట్టె వంగిపోతాది" అన్నాడు. చేతులు లేవడం లేదు కాబట్టి నేనే చేయాలి. అన్నేళ్ళలో మొదటిసారి దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. అనుకున్నదానికంటే చాలా తేలిక. అతను చూపించినట్టే ఒక్కొక్క బిరడా తిప్పాను. తీగ గొంతు కిందికి, ఇంకా కిందికి దిగి, చప్పుడు లేకుండా వేలాడేది. ఐదు అయ్యాయి. అన్నిటికంటే లావుది ఒకటి మిగిలింది. చెయ్యి ఆడలేదు. "రేపు సేస్తాలే" అన్నాను. గిటారును మళ్ళీ గోడకు తగిలించాను.

మర్నాడు పొద్దున, చూడటానికి వచ్చిన చిన్నదాన్ని అతని దగ్గర కూర్చోబెట్టి, బస్సెక్కి ఆదోని పోయాను. ఆ ఆర్కెస్ట్రా ఆయనను తీసుకొచ్చి మంచం దగ్గర నిలబెట్టాలి, నేను చెప్పింది అబద్ధమని అతని ఎదుటే చెప్పాలి, అదీ నా పంతం. వీధి వీధీ అడిగి ఇల్లు పట్టుకున్నాను. ముసలివాడయ్యాడు. ఆర్కెస్ట్రా ఎప్పుడో మూతపడిందంట. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను. ఆయన పాపం చాలా శ్రద్ధగా విన్నాడు. విని, "ఎమ్మిగనూరులోనా? గిటారా? జ్ఞాపకం రాలేదమ్మా" అన్నాడు. "ఆ కాలంలో అట్లా శానా మందిని రమ్మంటి. ఏమనుకోవద్దు." గుంత మగ్గం అన్నాను, శ్రావణమాసం అన్నాను, చీర రంగు కూడా చెప్పాను. ఆయనకు ఏదీ గుర్తు రాలేదు. మా ఇద్దరి పద్దెనిమిదేళ్ళు ఆయన దగ్గర ఒక్క నిమిషంగా కూడా లేవు. ఇంటావిడ టీ తెచ్చింది. అప్పుడే ఫోను మోగింది.

అతను పోయి పదకొండు రోజులయింది. వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయారు. గిటారు గోడకు ఉంది, ఐదు తీగలు వదులుగా, ఒకటి బిగువుగా. మా వెనక సందులో కొత్తగా మరమగ్గాలు పెట్టారు. పొద్దున అవి మొదలవగానే మా గోడలు సన్నగా అదురుతాయి. అప్పుడు ఆ ఒక్క తీగ, ఎవరూ ముట్టుకోకుండానే, మూలుగుతుంది. వదులు చేద్దామని రోజూ దగ్గరికి పోతాను. బిరడా మీద వేళ్ళు పెడతాను. తీగ మోగుతూనే ఉంటుంది. వేళ్ళు తీసేస్తాను.